తిన్నాక చేస్తే నార్మల్, పరగడుపున చేస్తే షుగర్ ఉందంటున్నారు. గర్భిణికి ఏ పరీక్ష నమ్మాలి?

శైలజ (వేళచ్చేరి)
అందరికీ నమస్కారం. మా ఆడపడుచు విషయం, కొంచెం టెన్షన్‌గా ఉంది. తనకి ఇప్పుడు 26వ వారం. పిక్మీ నంబర్ (తమిళనాడు ప్రభుత్వం గర్భిణులకి ఇచ్చే నమోదు నంబర్) కోసం కార్పొరేషన్ ఆరోగ్య కేంద్రంలో పేరు రాయించాం. పోయిన బుధవారం అక్కడ గ్లూకోజ్ నీళ్లు తాగించి, రెండు గంటల తర్వాత రక్తం తీశారు. తను ఇడ్లీ తినే వెళ్లింది, తిన్నావా అని వాళ్లు అడగను కూడా లేదు. 132 వచ్చింది. 140 లోపే కాబట్టి నార్మల్ అన్నారు.
ఈ సోమవారం మేం చూపించుకునే ప్రైవేటు క్లినిక్‌లో పరగడుపున రమ్మని మూడుసార్లు తీశారు. పరగడుపున 96, గంటకి 158, రెండు గంటలకి 134. పరగడుపున 92 దాటింది కాబట్టి షుగర్ ఉన్నట్టే, అన్నం తగ్గించమన్నారు. అయిదు రోజుల్లో ఏం మారింది? అమ్మాయి కంచం ముందు కూర్చుని ఏడుస్తోంది. అసలు ఈ అంకెలు ఎవరు నిర్ణయిస్తారు?

అయనావరం అక్క
శైలజమ్మా, ముందు ఆ పిల్లని కడుపునిండా తిననివ్వు. పస్తు ఉంచితే షుగర్ కన్నా పెద్ద తంటా.
నేను 29 ఏళ్లు ప్రసూతి వార్డుల్లో, పీహెచ్‌సీల్లో నర్సుగా చేసి రిటైరయ్యాను. తిన్నావా అని అడగకపోవడం వాళ్ల నిర్లక్ష్యం కాదు, ఆ పద్ధతే అంత. 75 గ్రాముల గ్లూకోజ్ 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, అయిదు పది నిమిషాల్లో తాగించాలి. ఎప్పుడు తిన్నదీ చూడక్కర్లేదు. రెండు గంటలకి ఒక్కసారి రక్తం. 140 గానీ అంతకు పైన గానీ వస్తే షుగర్ కింద లెక్క. మొదటిసారి వచ్చినప్పుడు ఒకసారి, 24 నుంచి 28 వారాల మధ్య ఇంకోసారి. ఇది మన మద్రాసులో పుట్టిన పద్ధతే. ఇక్కడి షుగర్ డాక్టరు శేషయ్య గారు, ఆయన బృందం చేసిన పని. 2007లో తమిళనాడు ప్రభుత్వం గర్భిణులందరికీ షుగర్ పరీక్ష తప్పనిసరి చేసింది, 2014లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇదే పద్ధతిని దేశమంతటికీ పెట్టింది. నమ్మొచ్చు.

మధు (షోళింగనల్లూర్)
నమ్మకండి శైలజ గారూ. నేను నమ్మి చెడ్డాను.
అయిదేళ్ల కిందట మా ఆవిడకి ఇలాగే పొంగలి తిని వెళ్లాక చేశారు. 128. నార్మల్ అని చీటీ మీద రాసిచ్చారు. ఆ చీటీ ఇంకా నా దగ్గరుంది. 34వ వారంలో స్కాన్‌లో బిడ్డ పెద్దగా ఉందని వేరే డాక్టరు పరగడుపున చేయిస్తే 108. అప్పటికే ఆలస్యమైపోయింది. బిడ్డ 4.3 కిలోలు. కాన్పులో భుజం ఇరుక్కుంది. పుట్టిన గంటకే బిడ్డకి షుగర్ పడిపోయి నాలుగు రోజులు పసిపిల్లల ఐసీయూలో ఉంచారు. ఆ నాలుగు రాత్రులు నేను ఆ అద్దం బయటే నిలబడ్డాను. ఇప్పుడు చెప్పండి, తిని వచ్చిన మనిషికి చేసేది ఒక పరీక్షేనా?

లలిత (కొడంబాకం)
మెంతులు నానబెట్టి తాగమనండి, మా పెద్దమ్మ చెప్పేది.

అయనావరం అక్క
బాబూ మధూ, బిడ్డ విషయం వింటే బాధగా ఉంది. కానీ 34వ వారంలో వచ్చిన 108 అంతకు ముందు లేదేమో, నీకెలా తెలుసు? నెలలు నిండే కొద్దీ షుగర్ పెరగొచ్చు. పరీక్ష తప్పు కావచ్చు, మళ్లీ చేయకపోవడం తప్పు కావచ్చు.

మధు (షోళింగనల్లూర్)
128 ఎప్పుడు వచ్చిందో చెప్పలేదు కదా నేను. 27వ వారంలో. ఏడు వారాల్లో ఆకాశం నుంచి ఊడిపడిందా షుగర్?
నా ప్రశ్న ఒక్కటే. తిని వచ్చాక చేసే పరీక్షలో తిన్నదాని ప్రభావం ఉంటుందా, ఉండదా?

హేమ (పీజీ, కమ్యూనిటీ మెడిసిన్)
మధు గారి ప్రశ్నకి జవాబు: ఉంటుంది. కానీ అందరూ అనుకునేదానికి తలకిందులుగా. ముందే ఇడ్లీ తిన్నవాళ్లకి ఇన్సులిన్ అప్పటికే బయల్దేరి ఉంటుంది. ఆ తర్వాత గ్లూకోజ్ తాగితే రక్తంలో షుగర్ అంత ఎక్కదు. అంటే తిని చేయించుకుంటే అంకె ఎక్కువ కాదు, తక్కువ చూపించే అవకాశం ఉంది.
రెండు పరిశోధనలూ చెన్నైవే. శేషయ్య గారి బృందం 2009లో 800 మంది గర్భిణులకి తిన్నాక ఒకసారి, పరగడుపున ఒకసారి చేసి, పెద్ద తేడా లేదని రాసింది. మోహన్ గారి మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు 2014లో వెయ్యి మందికి పైగా గర్భిణులకి అలాగే రెండు విధాలా చేసి చూశారు. తిన్నాక చేసిన పరీక్షకి మూడింట రెండు వంతుల కన్నా ఎక్కువ కేసులు అందలేదని రాశారు. రెండూ వచ్చింది ఒకే అంతర్జాతీయ జర్నల్‌లో, అయిదేళ్ల తేడాతో. ఒకే ఊరు, ఒకే ప్రశ్న, జవాబులు వేరు.

మధు (షోళింగనల్లూర్)
అదిగో. మూడింట రెండు వంతులు! అదీ 2014లోనే. కేంద్రం ఈ పరీక్షని దేశమంతటికీ పెట్టిందీ ఆ ఏడాదే. ఇంకేం కావాలి?

రాజి (అంబత్తూర్)
నేనూ ఒక మాట చెప్తాను. నాకు రెండేళ్ల కిందట పరగడుపున 93 వచ్చింది. 92కి ఒక్క పాయింటు ఎక్కువ. గంటకి, రెండు గంటలకి తీసినవి మామూలుగానే ఉన్నాయి. అంతే, ఇంట్లో ఆ రోజు నుంచి నేను షుగర్ పేషెంటుని. మా అత్తగారు అన్నం చెంచాతో కొలిచేవారు. మా ఆయన పండు ముట్టుకోనివ్వలేదు. రాత్రి ఆకలికి నిద్రపట్టక వంటింట్లో నిలబడి దొంగతనంగా బిస్కెట్లు తిని, తిన్నందుకు ఏడ్చేదాన్ని. చివరికి పాప 2.4 కిలోలు పుట్టింది. ఆ ఒక్క పాయింటు నన్ను ఏం చేసిందో ఏ పేపర్లోనూ రాయరు.

మధు (షోళింగనల్లూర్)
మీ ఇంట్లో వాళ్లు సరిగ్గా చూసుకోకపోతే అది పరీక్ష తప్పెలా అవుతుంది రాజి గారూ?

రాజి (అంబత్తూర్)
మీ ఆవిడకి 34వ వారం దాకా ఎవరూ మళ్లీ చూడకపోతే అది పరీక్ష తప్పెలా అయింది మధు గారూ?

పెరంబూరు బాబాయ్
పిల్లలూ, తగాదా వద్దు. నాకు 79 ఏళ్లు. ఈ ఊళ్లో చేసిన పరిశోధనని తీసిపారేయకండి. 1956లో చేట్‌పట్‌లో టీబీ పరిశోధన కేంద్రం పెట్టారు. అప్పట్లో క్షయ వస్తే శానిటోరియమే గతి, అంటే టీబీ రోగుల్ని నెలల తరబడి ఉంచే ఆసుపత్రి. తాంబరం పక్కన రైల్వే స్టేషన్‌కి ఇప్పటికీ ఆ పేరే. ఆ కేంద్రం వాళ్లు 193 మంది రోగుల్ని తీసుకుని, కొందరిని శానిటోరియంలో, కొందరిని ఇళ్లలోనే ఉంచి ఏడాదిపాటు ఒకే మందులు ఇచ్చారు. ఇళ్లలో ఉన్నవాళ్లు ఇరుకు గదులవాళ్లు, సరైన తిండి లేనివాళ్లు. అయినా దాదాపు అంతే బాగా కోలుకున్నారు. ఇంట్లో మిగతావాళ్లకి అంటుకోవడమూ ఎక్కువ కాలేదు. 1959లో ఆ ఫలితం వచ్చాక ప్రపంచంలో టీబీ వైద్యమే మారింది. మా పెద్దన్న ఆ తర్వాత ఇంట్లో ఉండే మందులు మింగి బతికాడు. పేదవాడికి అందే వైద్యం తక్కువ వైద్యం కాదని నిరూపించింది మన ఊరే.

అయనావరం అక్క
బాబాయ్ గారూ, నేను చెప్పాలనుకున్నదే మీరు చెప్పారు.

హేమ (పీజీ, కమ్యూనిటీ మెడిసిన్)
బాబాయ్ గారి ఉదాహరణ చాలా గొప్పది. కానీ అందులోనే తేడా కూడా ఉంది, దయచేసి వినండి. చేట్‌పట్ వాళ్లు రోగుల్ని చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేసి, చివరికి ఎవరు బాగుపడ్డారని చూశారు. నేను చెప్పిన రెండు షుగర్ పేపర్లూ ఒక పరీక్షని ఇంకో పరీక్షతో పోల్చినవి. పిల్లలు ఎలా పుట్టారన్నది వాటి ప్రశ్న కాదు.
ఇంక ఆ 92. అది 2008లో వచ్చిన పెద్ద అధ్యయనం మీద నిలబడింది. తొమ్మిది దేశాలు, దాదాపు 25,000 మంది గర్భిణులు. అందులో భారతదేశంలోని కేంద్రం ఒక్కటీ లేదు. షుగర్ పెరిగే కొద్దీ బిడ్డ బరువు, సిజేరియన్లు వగైరా కూడా పెరుగుతూ పోయాయి. మధ్యలో ఎక్కడా ఇక్కడ ప్రమాదం మొదలవుతుందని చెప్పే గట్టు కనపడలేదు. కాబట్టి ఎక్కడో ఒకచోట గీత గీయాలి. 2010లో నిపుణులు కూర్చుని పరగడుపున 92, గంటకి 180, రెండు గంటలకి 153 దగ్గర గీశారు. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తీసుకుంది. అది ప్రకృతి గీసిన గీత కాదు, మనుషులు గీసినది. 140 కూడా అంతే.

శైలజ (వేళచ్చేరి)
హేమ గారూ, అంటే మా పిల్లకి షుగర్ ఉన్నట్టా లేనట్టా?

హేమ (పీజీ, కమ్యూనిటీ మెడిసిన్)
నిజాయితీగా చెప్పాలంటే, ఏ గీత దగ్గర నిలబడి చూస్తున్నారో దాన్నిబట్టి ఉంటుంది. న్యూజిలాండ్‌లో 4,061 మందితో ఒక ట్రయల్ చేశారు, 2022లో వచ్చింది. సగం మందికి ఈ 92 గీత, సగం మందికి వాళ్ల పాత గీత, అంటే పరగడుపున 99. మొదటి గుంపులో 15.3 శాతం మందికి షుగర్ అని తేలింది, రెండో గుంపులో 6.1 శాతమే. పెద్ద బిడ్డలు మాత్రం అటు 8.8, ఇటు 8.9 శాతం. తేడా లేదు. మీ ఆడపడుచు 96తో అక్కడి పాత గీత ప్రకారం నార్మల్.
అయితే ఆ ట్రయల్‌లోనే రెండు గీతల మధ్య పడ్డవాళ్లని విడిగా చూస్తే, చికిత్స అందినవాళ్లకి పెద్ద బిడ్డలు తక్కువ పుట్టారు. దాన్నీ దాచకూడదు.

మధు (షోళింగనల్లూర్)
ఎన్ని దేశాలు తిప్పినా నా మాట అక్కడే ఉంది. తిని వచ్చినవాళ్లకి చేస్తే తక్కువ చూపిస్తుందని మీరే ఒప్పుకున్నారు. మరి పరగడుపున రమ్మనడానికి ఏమైంది? ఒక పూట తినకుండా రావడం అంత కష్టమా?

అయనావరం అక్క
కష్టమే. నువ్వు షోళింగనల్లూర్‌లో కారెక్కి పది నిమిషాల్లో ల్యాబ్‌లో ఉంటావు. నేను పనిచేసిన చోటికి ఆడవాళ్లు రెండు బస్సులు మారి వచ్చేవాళ్లు, చంకలో ఒక పిల్ల, చేత్తో ఒక పిల్ల. పరగడుపున మళ్లీ రా అంటే పదిమందిలో ఎంతమంది వచ్చేవాళ్లో నాకు తెలుసు. ఆ రోజు కూలి పోతుంది. మొగుడు ఒప్పుకోడు. కళ్లు తిరుగుతాయి. వచ్చిన మనిషిని వచ్చిన రోజే పట్టుకోవాలి. ఆ పరీక్ష పుట్టిందే అందుకు.

మధు (షోళింగనల్లూర్)
అంటే పేదవాళ్లకి సగం పరీక్ష చాలన్నమాట. లక్షలమందికి చేశాం అని రిజిస్టర్ నిండితే మీకు చాలు. లోపల ఎవరి బిడ్డ ఇరుక్కుపోయినా మీకు పట్టదు. 29 ఏళ్ల సర్వీసులో ఎన్ని నార్మల్ చీటీలు రాశారక్కా మీరు?

లలిత (కొడంబాకం)
మధు గారూ, ఆవిడ పెద్దావిడ. అలా మాట్లాడకండి.

అయనావరం అక్క
రిజిస్టర్ కోసం అన్నావు కదా. విను.
1994. మా చెల్లెలు. పొన్నేరి అవతల చిన్న ఊరు. రెండో కాన్పు. ఆరో నెలలో ఆసుపత్రికి వెళ్తే చూసి, రేపు పొద్దున్న ఏమీ తినకుండా రా, షుగర్ చూడాలి అన్నారు. మర్నాడు నాట్లు. ఆ తర్వాత పెద్దోడికి జ్వరం. వెళ్తాను వెళ్తాను అంటూనే మూడు నెలలు గడిచాయి. నేను నర్సునై ఉండి కూడా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లలేదు, ఉత్తరంలో రాసి ఊరుకున్నాను. తొమ్మిదో నెలలో బిడ్డ కదలడం లేదని ఎడ్లబండి, ఆ తర్వాత బస్సు, మా వార్డుకే తీసుకొచ్చారు. డ్యూటీలో నేనే ఉన్నాను. మగబిడ్డ. నాలుగు కిలోల పైన. ఏడవలేదు. ఆ రోజు చెల్లెలికి రక్తం తీస్తే 270.
ఆ మొదటి రోజే, తిని ఉన్నా సరే, గ్లూకోజ్ తాగించి చూసి ఉంటే 140 దాటకుండా ఉండేదా? నీకు 128 వచ్చి తప్పిపోయింది, నిజమే. పరగడుపున పేరు చెప్పి పరీక్షే జరగక తప్పిపోయినవాళ్లకి చీటీ కూడా ఉండదు బాబూ. వాళ్లు ఏ పేపర్లోనూ లెక్కకి రారు.

పెరంబూరు బాబాయ్
అమ్మా…

మధు (షోళింగనల్లూర్)
అక్కా, క్షమించండి. అలా అని ఉండకూడదు. రాత్రంతా మీ మాటలే మెదిలాయి.
ఇప్పుడు నిదానంగా రాస్తున్నాను. నా కోపం మీ మీద కాదు. బహుశా తిని వెళ్లడం మీద కూడా కాదు. ఆ చీటీ మీద. నార్మల్ అని రాశారు. ఇది అందరికీ త్వరగా చేసే పరీక్ష, కొందరిని పట్టుకోలేకపోవచ్చు, మీ ఇంట్లో షుగర్ ఉంటే గానీ బిడ్డ పెరుగుదల ఎక్కువగా కనిపిస్తే గానీ పరగడుపున ఇంకోసారి చేయించుకోండి అని ఒక్క వాక్యం చెప్పి ఉంటే చాలు. మా అత్తగారికి షుగర్. నాకు తెలుసు. ఆ వాక్యం వినుంటే నేను మర్నాడే తీసుకెళ్లేవాణ్ణి. గైడ్‌లైన్ రాసేవాళ్లు లక్షలమందిని చూసి రాస్తారు, ఒప్పుకుంటాను. కానీ నాకు చెప్పేటప్పుడు నా భార్య గురించి చెప్తున్నట్టే చెప్పారు.

అయనావరం అక్క
ఇదీ అసలు మాట. దీన్ని నేను ఒప్పుకోలేను తమ్ముడూ, ఎందుకో చెప్తాను. బుధవారం పొద్దున్న అరవై మంది లైన్‌లో ఉంటారు. ఒక్కొక్కరికీ ఇది పూర్తి పరీక్ష కాదు అన్నామనుకో, నీలాంటివాడు మర్నాడు ల్యాబ్‌కి వెళ్తాడు. మిగతావాళ్లు ఏమనుకుంటారు? సరిగ్గా చెప్పలేని పరీక్ష మాకెందుకు అని తర్వాతిసారి గ్లూకోజ్ తాగరు. ఇప్పటికే వాంతి వస్తుందని తాగరు. టీకాల విషయంలో ఒక్క అనుమానం మాట ఊళ్లో ఎంత పని చేసిందో చూశాను నేను.

రాజి (అంబత్తూర్)
అక్కా, నేను మధు గారితో పోట్లాడినదాన్నే. కానీ ఇక్కడ ఆయన వైపే. నాకు 93 వచ్చిన రోజు, ఇది మనుషులు గీసిన గీత, ఒక్క పాయింటుకి భయపడక్కర్లేదు, రెండు వారాల పాటు, తిన్నాక షుగర్ ఎంత ఉంటోందో చూసుకుందాం అని డాక్టరు చెప్పి ఉంటే నేను అర్ధరాత్రి బిస్కెట్ల కోసం నిలబడేదాన్ని కాదు. ఆయనకి నార్మల్ అన్నారు, నాకు షుగర్ అన్నారు. ఇద్దరికీ సగమే చెప్పారు.

శైలజ (వేళచ్చేరి)
మా ఆడపడుచు ఈ థ్రెడ్ మొత్తం చదివింది. రెండు అంకెలూ ఎలా వచ్చాయో తెలిశాక ఏడుపు ఆపింది. నాకైతే చెప్తే భయపడతారన్న మాట నిజం అనిపించడం లేదు అక్కా. చెప్పకపోతేనే భయపడింది.

అయనావరం అక్క
మీ పిల్ల చదువుకున్న పిల్ల. మీరు పక్కన ఉన్నారు. నేను చెప్పేది ఎవరూ పక్కన లేనివాళ్ల గురించి.

హేమ (పీజీ, కమ్యూనిటీ మెడిసిన్)
నేను ఫీల్డ్ పోస్టింగ్‌లో చూసింది చెప్తాను. గ్రామ ఆరోగ్య నర్సులు నార్మల్ వచ్చినవాళ్లతో అసలేమీ మాట్లాడరు, టైమ్ అంతా 140 దాటినవాళ్లకే పోతుంది. అందరికీ అంతా చెప్పడం కుదరదు, అక్క మాట నిజం. కానీ మీ ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా, కిందటి బిడ్డ పెద్దగా పుట్టిందా, ఈ రెండూ అడగడానికి అర నిమిషం చాలు. ఉందన్నవాళ్లకి 140 లోపు వచ్చినా పరగడుపు పరీక్ష రాయొచ్చు. అప్పుడు ఎవరికీ అనుమానం పెట్టనక్కర్లేదు.

అయనావరం అక్క
అది చేయొచ్చు. మంచి నర్సులు ఎవరూ చెప్పకుండానే చేస్తున్నారు కూడా. కాగితం మీద ఉంటే మిగతావాళ్లూ చేస్తారు.

మధు (షోళింగనల్లూర్)
మిగతావాళ్లకి కూడా చెప్పాలనే నా అభిప్రాయం. ఇంట్లో ఎవరికీ షుగర్ లేనివాళ్లకి రాదా?

అయనావరం అక్క
వస్తుంది. దీని మీద నువ్వూ నేనూ ఒప్పుకోము, వదిలెయ్.

శైలజ (వేళచ్చేరి)
పది రోజుల తర్వాత రాస్తున్నాను. డాక్టరు గారితో కూర్చుని మాట్లాడాం. ఆవిడ కోప్పడలేదు. పరగడుపు అంకె గీతకి కొంచెమే పైన ఉంది కాబట్టి మందు ఏమీ వద్దు, రెండు వారాలు తిండి సర్దుకుని గ్లూకోమీటర్‌తో చూడమన్నారు. తిన్న రెండు గంటలకి 120 లోపు ఉండాలట. అన్నం మానమనలేదు, ఒక్కసారే కాకుండా విడదీసి, పప్పు, కూర ఎక్కువగా తినమన్నారు. ఇప్పటిదాకా 104 నుంచి 118 మధ్య వస్తున్నాయి. ఒక్కరోజు 127, ఆ రోజు గృహప్రవేశం భోజనం. కాన్పయ్యాక ఆరు వారాలకి మళ్లీ ఒక పరీక్ష ఉంటుందన్నారు, అదెందుకు?

అయనావరం అక్క
గర్భంలో షుగర్ వచ్చినవాళ్లకి తర్వాత జీవితంలో వచ్చే అవకాశం చాలా ఎక్కువ. అందుకు. బిడ్డకి ఆరో వారం టీకా వేయించడానికి ఎలాగూ వెళ్తారు, ఆ రోజే తల్లికీ చేయించు. బిడ్డ పుట్టాక తల్లిని అందరూ మర్చిపోతారు, నువ్వు గుర్తుపెట్టుకో.

మధు (షోళింగనల్లూర్)
అక్కా, మా ఆవిడకి ఆ పరీక్ష ఎవరూ చేయలేదు. బిడ్డ గొడవలో మేమూ అడగలేదు. అయిదేళ్లయింది. ఇప్పుడు చేయించొచ్చా?

అయనావరం అక్క
ఈ వారంలోనే చేయించు తమ్ముడూ. పరగడుపున తీసుకెళ్లు. ముందు ఒకసారి తీసి, గ్లూకోజ్ తాగించి, రెండు గంటలకి ఇంకోసారి తీస్తారు. ఏం వచ్చిందో నాకు రాయి.